అత్త చదివిన డిటెక్టివ్ పుస్తకాలు

మామ పోయిన ఏడాదికి ఆయన ఇనప్పెట్టె మా ఇంటికి చేరింది. మామ అంటే మా నాన్న చెల్లెలు చెంగమ్మత్త భర్త. వాళ్ళబ్బాయి దాము తిరుత్తణి నుంచి కారులో వేసుకొచ్చి, తిరువళ్ళూరులో మా ఇంటి వరండాలో దాన్ని దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. "అన్నీ తెలుగు పుస్తకాలే వదినా. మా ఇంట్లో ఎవరికి చదవను వస్తాది చెప్పు? నాకూ తమిళమే, నా కూతురికీ తమిళమే. అమ్మ ఒక్కతే చదివేది, ఆమెకేమో ఇప్పుడు కండ్లు మసకలు. పాతపేపరోడికి వేసేదానికి మనసు రాలా. ఎట్లాగూ నువ్వు తెలుగు టీచరువు కదా, నీ నెత్తిన పెడదామని తెచ్చినా" అన్నాడు. నేను రిటైరైనప్పటి నుంచి ఎవరో ఒకరు ఏదో ఒకటి నా నెత్తిన పెడుతూనే ఉన్నారు కాబట్టి ఏమీ అనుకోలేదు. కాఫీ తాగి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పెట్టె తెరిచాక నాకు తెలిసిన సంగతి అత్తకు చెప్పాలా వద్దా అని నెల రోజులు నలిగిపోతానని అప్పుడు నాకేం తెలుసు!

మూత ఎత్తగానే కలరా ఉండల వాసన, దాని కింద పాత కాగితం వాసన, ఇంకా కిందెక్కడో డీజిలు వాసన. మామ ఖాకీ చొక్కా వాసన అది. లోపల నలభై దాకా పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు. అట్టల మీద టార్చిలైట్లు, ముసుగులు, అరుస్తున్న ఆడపిల్లలు. పేర్లు చూడకుండానే ఒక్కొక్కటీ గుర్తుపట్టాను. చిన్నప్పుడు మాకు పేర్లతో పనిలేదు, అట్టతోనే పని. ఇదుగో ఆకుపచ్చ కిటికీ పుస్తకం. ఇదుగో ఒంటి చెప్పు పుస్తకం. అన్నిట్లోనూ ఆ ముగ్గురే ఉండేవాళ్ళు: పదిహేనేళ్ళ గోపి, వాడి చెల్లెలు లిల్లీ, పక్కింటి చారి. పెద్దవాళ్ళు చేతులెత్తేసిన దొంగతనాలన్నీ బడి సెలవుల్లో తేల్చిపారేసేవాళ్ళు. నేను అచ్చయిన నా రెండు కథల పుస్తకాల ముందుమాటల్లోనూ, నలుగురు పిలిచి మైకు ఇచ్చిన ప్రతిచోటా, "నన్ను రచయిత్రిని చేసింది ఆ డిటెక్టివ్ పుస్తకాలే" అని గొప్పగా చెప్పుకున్నదాన్ని. ఆ పుస్తకాలన్నీ తిరిగి నా ఒళ్ళో పడితే ఇంకేం కావాలి? ఆ పూట వంట కూడా మానేసి పెరుగన్నంతో సరిపెట్టాను.

మాది తిరువాలంగాడు పక్కన పల్లె. ఊళ్ళో తెలుగు బడి లేదని నన్ను ఆరో ఏట తిరుత్తణిలో అత్త ఇంట్లో పెట్టారు. మామ ఒక ప్రైవేటు బస్సులో కండక్టరు. నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే బస్సు. ఆ ఇంట్లో పొద్దు ఆయన విజిలుతో మొదలయ్యేది. మేకుకు తగిలించిన విజిలు తీసి, సరిగ్గా పలుకుతోందో లేదోనని ఒక్కసారి ఊది చూసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని వెళ్ళేవాడు. ఆ మోతకే నేను లేచేదాన్ని. అత్త అప్పటికే వాకిట్లో ముగ్గేసి, ఆయన రెండో జత ఖాకీలను గంజిలో ముంచి పిండి ఆరేసి, సంగటికి ఎసరు పెట్టేసి ఉండేది. రోట్లో ఊరిబిండి, అదే చెనిక్కాయల (వేరుశనగ) పచ్చడి, నూరుతూ కొండ మీది గంటలు లెక్కపెట్టేది. ఎన్ని గంటలయ్యాయో చూడటానికి గోడ గడియారం ఉన్నా దాని వైపు తిరిగేది కాదు. మా అత్తకు అన్నిట్లోనూ తన లెక్క తనదే.

నెలకొక రోజు మామకు డ్యూటీ ఉండదు. ఆ మధ్యాహ్నం మాకు పండగ. తిరుపతి బస్టాండు నుంచి తెచ్చిన కొత్త డిటెక్టివ్ పుస్తకం సంచిలోంచి తీసి అత్తకిచ్చి, "నాకు చదవను యాడ పొద్దు? నువ్వు చదివి చెప్పు, వింటా" అనేవాడు. అత్త తిన్నె మీద గోడకానుకుని, కాళ్ళు చాపుకుని, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివేది. మామ ఈ పక్కన చింతపండు గింజలు తీసేవాడు. అవును, మగవాడు చింతపండు వొలవడమేమిటని వీధిలో నవ్వుకున్నా ఆ ఒక్కరోజూ వొలిచేవాడు. నేను ఎదురుగా కూర్చుని నోరు తెరుచుకుని వినేదాన్ని. ఏం చదివేది! దొంగ మాట్లాడితే గొంతు బొంగురుపోయేది. లిల్లీ మాట్లాడితే సన్నగా అయ్యేది. మంచి పట్టులో ఆపి, తీరిగ్గా చెంబెడు నీళ్ళు తాగి, "చెప్పండి, దొంగ ఎవురు?" అని మమ్మల్ని అడిగేది. మామ ప్రతిసారీ తప్పే చెప్పేవాడు. నేను ఆయన్ని చూసి పడీపడీ నవ్వేదాన్ని.

ఆకుపచ్చ కిటికీ పుస్తకం నాకు మాట మాటా గుర్తు. జమీందారు బంగళాలో నగల పెట్టె మాయమవుతుంది. దొంగ రైలెక్కి తిరువాలంగాడులో దిగి, చెరుకు తోటల్లో పడి, తిరుత్తణి కొండెక్కి గుండు కొట్టించుకుంటాడు. కొండ మీది సామికి మొక్కులు తీర్చుకునే కృత్తిక రోజు. కొండంతా గుండ్లే, అన్నిటి మీదా గంధమే. పోలీసులు ఏ గుండునని పట్టుకుంటారు? తలలు బాదుకుంటూ కూర్చుంటారు. అప్పుడు లిల్లీ మెట్ల మీద నిలబడి దిగేవాళ్ళను ఒక్కొక్కర్నే చూసి, ఒకణ్ణి వేలెత్తి చూపిస్తుంది. ఎలా కనిపెట్టిందంటే, అందరి నుదుటా విభూతి ఉంది, వాడి నుదుట లేదు. గుండు కొట్టించుకున్నవాడు సామిని చూడకుండా దిగి వస్తాడా? ఆ మాట దగ్గర మామ చింతపండు పళ్ళెం పక్కన పెట్టేసి, "అబ్బ! ఏం బుర్రమ్మే ఆ పిల్లది!" అన్నాడు. మా తిరువాలంగాడు స్టేషను పుస్తకంలో పడిందని బడిలో నేను చెప్పుకోని మనిషి లేదు.

మూడో తరగతికి నాకు తెలుగు బాగా చదవడం వచ్చింది. ఇక ఆగుతానా? అత్త పక్కకు చేరి తొంగి చూడబోతే, "దూరంగా కూర్చోమ్మే, గాలి తగలనీ" అని కసిరేది. పుస్తకం నాకివ్వమంటే మామ అడ్డం వచ్చేవాడు. "అది అద్దె పుస్తకం పాపా. రేప్పొద్దున వాపసు ఇయ్యల్ల. చినిగితే షాపాయన నా తోలు తీస్తాడు." అలా అని పుస్తకం పట్టుకెళ్ళిపోయేవాడు. ఆయన పెట్టెకు ఎప్పుడూ తాళం, తాళంచెవి ఎప్పుడూ మొలతాడుకు. అందులో టిక్కెట్ల కట్టలు ఉంటాయని చెప్పేవాడు. నేను నమ్మాను. ముగ్గురు పిల్ల డిటెక్టివుల దగ్గర అంత శిక్షణ పొందినదాన్ని, ఇంట్లోనే తాళం వేసిన పెట్టె ఉంటే ఒక్కసారి కూడా అనుమానించలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉండేది.

ఇప్పుడు ఆకుపచ్చ కిటికీ పుస్తకం చదవడం మొదలుపెట్టాను. బంగళా ఉంది. నగల పెట్టె ఉంది. కానీ బంగళా సముద్రపొడ్డున ఎక్కడో ఉంది. రైలు లేదు, తిరువాలంగాడు లేదు, కొండ లేదు, గుండు లేదు, లిల్లీ కూడా లేదు. దొంగ తోటమాలి. ఊడిపోయిన చొక్కా గుండీ వల్ల దొరికాడు. మొత్తం గంటలో అయిపోయింది. చప్పగా, ఉప్పు మరిచిన పప్పులా ఉంది. వయసు మీద పడింది, ఇంకో పుస్తకంతో కలిపేసుకుని ఉంటాను అనుకున్నాను. ఒంటి చెప్పు పుస్తకం తీశాను. అదీ అంతే. నాకు తెలిసిన కథ అందులో లేదు. మూడు రోజుల్లో పద్నాలుగు పుస్తకాలు చదివాను. అట్ట మీద బొమ్మలో ఉన్నంతవరకే నాకు తెలిసిన కథ, లోపలిది వేరే. నేను చెప్పుకుని తిరిగిన కథలు వాటిలో ఒక్కదాంట్లోనూ లేవు.

అప్పుడు గుర్తొచ్చింది అత్త పెళ్ళిచూపుల కథ. మా ఇంట్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. మామ వాళ్ళది పుత్తూరు పక్కన. సరిహద్దుకు ఇవతల తమిళం వైపు వాళ్ళం, మా పిల్లలకు తెలుగు రాదని ఆ పక్కవాళ్ళు ఎక్కడ అంటారోనని మా తాతకు ఒకటే పౌరుషం. "మా పిల్ల తెలుగు చదవను రాయను నేర్చింది" అన్నాడట. పెళ్ళికొడుకు పెద్దమ్మ మా ఇంటి గూట్లో ఉన్న శుభలేఖ తీసి చదవమని ఇచ్చింది. అత్త గుక్క తిప్పుకోకుండా చదివేసింది. అందరూ భేష్ అన్నారు. ఆ శుభలేఖ మా అమ్మానాన్నల పెళ్ళిది! తాత దాన్ని సొంతంగా రాయించి, వచ్చిన ప్రతి మనిషికీ పైకి చదివి వినిపించినది. ఇంట్లో ఉన్న పిల్లకు నోటికి రాకుండా ఉంటుందా? అత్త చదివింది మూడో తరగతి దాకా, తమిళ బడిలో. తమిళ వారపత్రికలు గడగడా చదివేది. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆ రోజు తాత ఆడిన అబద్ధాన్ని ఆమె కాపురమంతా మోసింది. ప్రతి నెలా కొత్త పుస్తకం చేతికొస్తే, అట్ట చూసి, తిన్నె మీద కూర్చుని, అప్పటికప్పుడు కథ కట్టింది. నేను విన్నాననుకున్న రచయితలెవరూ నన్ను రచయిత్రిని చేయలేదు. మా అత్త చేసింది. ఆ మాట తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది.

అంతటితో అయిపోతే నోరు మూసుకుని ఉండేదాన్ని. ఎనభై దాటిన మనిషి గుట్టు, మనకెందుకు? కానీ ఒక్కో పుస్తకం చివరి పేజీలో బస్సు టిక్కెట్లు ఉన్నాయి. పల్చటి రంగు టిక్కెట్లు. వెనక పెన్సిలుతో, కండక్టరు చేత్తో, చీమతలకాయలంత అక్షరాలు. ఒకటి చాలకపోతే రెండోది. ఆకుపచ్చ కిటికీ పుస్తకంలోది ఇలా ఉంది: "చెంగమ్మ కతలో దొంగ గుండు కొట్టించుకుని సామిని చూడకనే దిగినాడు. పుస్తకంలో తోటమాలి. చెంగమ్మదే మేలు." ఒంటి చెప్పు పుస్తకంలో: "చెంగమ్మ కతలో చెప్పు కుంటాయనది కాదు, కుంటినట్లు నటించినోడిది. ఇట్లాంటిది ఎవురూ రాయలేరు." అన్నిట్లోనూ ఉన్నాయి. చదవను పొద్దులేదన్న మనిషి ప్రతి పుస్తకమూ చివరిదాకా చదివాడు. అద్దె అని చెప్పి అన్నీ దాచాడు. పెట్టెకు తాళం నా కోసమే వేశాడు. నాకు చదవడం వచ్చింది కాబట్టి.

ఇదీ నా గొడవ. టిక్కెట్ల సంగతి చెబితే, నీ గుట్టు నాకు తెలిసిపోయిందని అత్త మొహం మీద చెప్పినట్టే. చెప్పకపోతే మామ ఆమె గురించి రాసిన ఈ మాటలు ఆమెకు ఎప్పటికీ చేరవు. ఆ ఇంట్లో వాటిని చదవగలిగినవాళ్ళు లేరు. నేను పోతే ఇక అంతే. ఫోన్లో నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది, "అన్నం తిన్నావా అత్తా" అని మింగేశాను.

అత్తకు కంటి ఆపరేషన్ అయిందని దాము చెబితే, చూడటానికి బయలుదేరాను. సంచిలో ఆకుపచ్చ కిటికీ పుస్తకం, ఇంకో ఐదారు పుస్తకాలు వేసుకున్నాను. చెబుతానో లేదో నాకే తెలియదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని తిరువాలంగాడు స్టేషను వచ్చినప్పుడు చూశాను. చెరుకు తోటలు తక్కువైపోయి ప్లాట్ల రాళ్ళు కనిపించాయి. ఇప్పుడైతే అత్త కథలోని దొంగకు దాక్కోవడానికి చోటుండదు.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అత్త మంచం మీద దర్జాగా కూర్చుని ఉంది. పక్కన దాము కూతురు కీర్తన, కాలేజీ పిల్ల. నా సంచిలోంచి పుస్తకాలు బయటకు రావడమే ఆలస్యం, ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "ఐ! ఇదేనా పెద్దమ్మా, నాన్న ఎప్పుడూ చెప్తాడే ఆ బుక్కు? అవ్వా, ఇప్పుడు నీకు సూపర్‌గా కనిపిస్తాంది కదా, చదువు. నేను వీడియో తీస్తా." అత్త అద్దాలు తీసింది. పుస్తకం అందుకుంది. మధ్యలో ఎక్కడో తెరిచి, "అప్పుడు లిల్లీ మెట్ల మీద నిలబడుకునింది..." అని మొదలుపెట్టింది. అదే గొంతు. నేను పక్కనే కూర్చున్నాను. పేజీలో తోటమాలి భార్య కాఫీ కలుపుతోంది.

అత్త ఒక పేజీ తిప్పింది. కీర్తన ఫోను ఇటు తిప్పి, "అవ్వా, ఒక్క నిమిషం పుస్తకం కొంచెం కిందికి. ఇప్పుడు ఫోను చూపిస్తే చాలు, తెలుగు తమిళమైపోతాది. నాకూ స్క్రీన్ మీద కనిపిస్తాది, నువ్వు చదువుతా ఉండు" అంది. అత్త చేతులు ఆగిపోయాయి. నేను గబుక్కున పుస్తకం లాక్కున్నాను. "ఆపరేషనైన కళ్ళు. డాక్టరు చదవొద్దన్నాడా లేదా! నీకు వీడియోలు కావాల్సి వచ్చిందా? పో, ముందు నాకు కాఫీ పెట్టు." ముప్పై ఏళ్ళు బడిలో అరిచిన గొంతు ఇప్పటికీ పనిచేస్తుంది. "ఏంది పెద్దమ్మా, సుమ్మా సుమ్మా ఊరికే తిడతావు" అని గొణుక్కుంటూ ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళింది.

అత్త కాసేపు దుప్పటి అంచు సర్దింది. తర్వాత గొంతు తగ్గించి, "కనిపెట్టేసినావు" అంది.

"ఊఁ" అన్నాను.

"ఎప్పుడు?"

"పోయిన నెల. పెట్టె వచ్చినాక."

"ఇన్నేండ్లకా? నేను నీకు అన్ని డిటెక్టివ్ కతలు చెప్పి ఏం ప్రయోజనం!" అని నవ్వబోయి, నవ్వలేకపోయింది. "నాకు నీ గురించి బాధ లేదు పాపా. ఆయన్ని మోసం చేసినా. ఎంత ఆశగా కొనుక్కొస్తాడే! పుస్తకం చేతిలో పెట్టిన ప్రతిసారీ నా గుండె దడదడా కొట్టుకుంటాది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పేద్దామని చెయ్యి పట్టుకున్నా. నోరు రాలా. అబద్ధంతో కాపురం చేసినా, అబద్ధంతోనే సాగనంపినా. నాకు నిద్ర పట్టదు తెలుసునా?"

ఇక నాకు ఆలోచించే పని లేకపోయింది. "మామకు తెలుసత్తా" అన్నాను.

"ఏం తెలుసు?"

"నీకు తెలుగు రాదని. ఆయన అన్నీ చదివినాడు. నువ్వు చెప్పే కత అందులో లేదని అన్నిసార్లూ తెలుసు." పుస్తకం చివరి పేజీలోంచి టిక్కెట్లు తీసి చదివి వినిపించాను. గుండు, సామి, తోటమాలి. చెంగమ్మదే మేలు.

మొదట ఆమెకు కోపమొచ్చింది. నిజంగానే వచ్చింది. "అంతా తెలిసి మూగోడి మాదిరి కూర్చున్నాడా! నేను అరవై ఏండ్లు భయపడి చస్తా ఉంటే ఆ మనిషి చింతపండు వొలుస్తా కూర్చున్నాడా! ఒక్క మాట, ఒక్క మాట అనుండకూడదా?" అని మంచం మీద అరచేత్తో కొట్టింది. తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడవొద్దన్నాను, కంటికి మంచిది కాదన్నాను. "కన్ను పోతే పోనీలేవే" అంది. కాఫీ పట్టుకుని కీర్తన గడప దాకా వచ్చి, అవ్వను చూసి, ఏమీ అడగకుండా గ్లాసులు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలను ఊరికే తిడతాం గానీ, కొన్ని సంగతులు వాళ్ళకు మనకంటే త్వరగా అర్థమవుతాయి.

కొంచెం తేరుకున్నాక అత్త టిక్కెట్టు అడిగి తీసుకుంది. కిటికీ వెలుతురుకు పట్టుకుని ఇటూ అటూ తిప్పింది. "నాకు ఇది చదవను రాదు" అంది. ఆ మాట ఆమె నోట పైకి రావడం నేను వినడం అదే మొదటిసారి. బహుశా ఆమె అనడమూ మొదటిసారే.

"నా పేరు యాడ రాసినాడు?"

"మొదట్లోనే. ఇదుగో." ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టాను.

"ఇంతేనా? ఇంత చిన్నదా?" అంది. ఆ అక్షరాల మీద వేలితో రెండుసార్లు రాసింది. "ఇంకో దాంట్లో చూపి."

ఒంటి చెప్పు పుస్తకంలోది తీసి చూపించాను. మూడో పుస్తకంలోదీ చూపించాను. మామ ప్రతి టిక్కెట్టునూ ఆమె పేరుతోనే మొదలుపెట్టాడు. నాలుగో టిక్కెట్టు ఆమె చేతికిచ్చి, వేలు పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. కళ్ళు చికిలించి చూసింది. తనంతట తనే వేలు పెట్టి, "చెంగమ్మ" అని చదివింది.